ఆరు వందల సెకన్లు

రూవీలో మా ఎక్స్ఛేంజీ, మూడో అంతస్తు.
ఏసీ హోరులో మూడు సర్వర్లు.
ఖల్ఫాన్ వాటికి ఖర్జూరాల పేర్లు పెట్టాడు:
ఖలాస్, ఫర్ద్, ఖునైజీ.
మూడోది కొత్తది. పండగ రద్దీకని తెచ్చాం.

ఆ వారమే మొదలైంది ఫోన్ల గోల.
"అమ్మా, నేను గంగనర్సయ్యను, వాదీ కబీర్ క్యాంపు.
ఇప్పుడే పాస్‌వర్డు కొట్టి లోపటికి వోయిన.
పైసలు పంపు అని ఒత్తంగనే
మల్ల నువ్వెవలు అంటది.
నాలుగుసార్లాయె. నన్ను గుర్తువట్టదా అది?"

పట్టదు.
దానికి మొహాలు తెలియవు.
వేలు తగిలిన ప్రతిసారీ మనిషి కొత్తగా పుడతాడు దానికి.
అందుకే వాకిట్లోనే ఒక చీటీ రాసిస్తుంది.
కుకీ అంటాం. పొడుగాటి అంకె, కింద సంతకం.
అడుగడుగునా దాన్ని చూపించాలి.
ఫోనే చూపిస్తుంది, ఆయనకు తెలియకుండా.

ఖలాస్ ఇచ్చిన చీటీని ఫర్ద్ ఒప్పుకుంటుంది.
ఖునైజీ మాత్రం పెదవి విరిచి
గడప అవతలికి నెడుతుంది.

"ఎవరిని ఏది లోపలికి రానిస్తే దానికే కట్టేద్దాం,"
అన్నాడు ఖల్ఫాన్, "ఇక అటూ ఇటూ తిరగరు."
అది పడుకున్న రోజు అందరూ రోడ్డున పడతారు కదా, అన్నాను.
టీ తెస్తానని వెళ్ళాడు.

పేలు చూసినట్టు లాగులు చూశాను, పాయ పాయగా.
గడియారాలు మూడూ ఒకే మాట మీద ఉన్నాయి.
రెండున్నరకి దొరికింది.
సంతకం సరిచూసే రహస్యపు మాట
పాత రెండింటిదీ ఒకటి, కొత్తదానిది వేరొకటి.
బిగించినవాడు పెట్టెలో వచ్చినదాన్ని
అలాగే వదిలేసి పోయాడు.
లోపల ఎవరున్నారో రాసుకునే చిట్టా
ఎక్కడుందో కూడా చెప్పలేదు దానికి.

చెప్పాను. ముగ్గురికీ ఒకే మాట, ఒకే చిట్టా.
మళ్ళీ మళ్ళీ అడిగించుకోవడం పాపమనిపించి
చేతులో చెయ్యిగా
గడువు ఒక రోజుకి పెంచాను.
ఇది ఎవరూ అడగలేదు. నాకే తోచింది.

శుక్రవారం మళ్ళీ ఆ గొంతే.
"ఇప్పుడు మంచిగ గుర్తువడుతుందమ్మా. గని...
మా రూముల ఆరుగురికి ఒక్కటే మంచి ఫోను.
నా ఎన్క తిరుమలేశు తీసిండు.
దాంట్ల ఇంక నేనే ఉన్న.
వాడు పేరు చూసుకోలె, ఒత్తిండు.
నా పైసలు వాని అక్కకు వోయినయ్.
నలభై రెండు రియాళ్ళు.
వాన్ని ఏమనొద్దు.
ముందుగల్ల అది మరిచిపోతుండె గద,
ఎవని పేరుతోని వాడు వోతుండె."

బయటికి వెళ్ళే బటన్ ఉంది.
పై మూలన, మూడు గీతల వెనక, ఇంగ్లీషులో,
నువ్వుగింజంత.

బ్యాంకులు అయిదు నిమిషాలే ఇస్తాయన్నాడు ఖల్ఫాన్.
నేను గంగనర్సయ్యకి ఫోన్ చేశాను.
పంపకండి, ఊరికే నింపి చూపించండి అన్నాను.
సిమెంటు తిన్న వేళ్ళను
అద్దం అన్నిసార్లూ పట్టించుకోదు.
ఖాతా నంబరు ఒక్కో అంకే పైకి చదివాడు,
సున్నాల దగ్గర తప్పాడు, మొదటికొచ్చాడు.
మధ్యలో ఎవరో బాత్రూం ఖాళీ అయిందని కేకేశారు.
"వస్తున్న," అన్నాడు గానీ పోలేదు.
ఎనిమిది నిమిషాల పది సెకన్లు.

ఒక రోజు అన్నచోట కొట్టేసి
ఆరు వందల సెకన్లు అని రాశాను.
బటన్‌ని బయటికి లాగి, తెలుగులో,
బొటనవేలంత చేశాను.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు.
తిరుమలేశు జీతాల రోజున ఇస్తానన్నాడట.
జీతాలు రెండు నెలలుగా లేవట.
ఫిర్యాదు ఫారం నేనే నింపాను.
పొరపాటు ఎవరిది అన్న గడి దగ్గర
కాసేపు ఆగి
నా ఉద్యోగి సంఖ్య రాశాను.